ఒకరి స్క్రిప్ట్ ఒకరు చదివే గ్రూపు: పెట్టడం, నడపడం, నిలుపుకోవడం

స్క్రిప్ట్ పూర్తిచేసిన రోజు రాసినవాళ్ళకి ఒకటే ఆత్రం. ఎవరైనా చదవాలి, ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లోవాళ్ళు చదివి "బాగుంది" అంటారు. స్నేహితులు "సూపర్, సినిమా తీసేయొచ్చు" అంటారు. సినిమాల్లో ఉన్నవాళ్ళకి పంపితే చాలాసార్లు జవాబే రాదు. వీటిలో ఏదీ తర్వాతి డ్రాఫ్ట్ రాయడానికి పనికిరాదు. అందుకే తోటి రచయితలు కావాలి. ఖాళీ పేజీ ముందు రాత్రిళ్ళు కూర్చున్నవాళ్ళు మన కథ ఎక్కడ జారిందో త్వరగా పసిగడతారు.

నేను ఇలాంటి గ్రూపుల్లో చాలా ఏళ్ళుగా ఉన్నాను. కొన్ని మూడు నెలల్లోనే ఆగిపోయాయి. ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ఆగిపోయిన వాటిలోనూ ప్రతిభ ఉన్నవాళ్ళే ఉన్నారు, పద్ధతి మాత్రం లేదు. నడుస్తున్న గ్రూపులో మేం నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వరసగా చెబుతున్నాను. దీనంతటికీ పునాది ఒక్కటే: చదివేవాళ్ళ పని, చదువుతున్నప్పుడు తమకేం జరిగిందో నిజాయితీగా చెప్పడం. బాగుచేయడం రాసినవాళ్ళ పని.

1. ముందు మనుషుల్ని ఎంచుకోండి

ఐదుగురి నుంచి ఏడుగురి వరకు సరిపోతారు. నలుగురే ఉంటే ఒక్కరు రాకపోయినా చర్చ పల్చబడుతుంది. పదిమంది అయితే వంతుల లెక్క కుదరదు. రెండు వారాలకోసారి కలిసి, ఒక్కో పూట ఒక పూర్తి స్క్రిప్ట్ తీసుకుంటారనుకుందాం. ఆరుగురుంటే ఒక్కొక్కరికి 12 వారాలకోసారి వంతు వస్తుంది. ఒక డ్రాఫ్ట్ తిరగరాయడానికి ఆ వ్యవధి దాదాపు సరిపోతుంది. పదిమందైతే 20 వారాలు ఆగాలి. అప్పటికి రచయితలో ఆ కథ మీద వేడి చల్లారుతుంది, చదివేవాళ్ళకి పాత డ్రాఫ్ట్ గుర్తుండదు.

కొత్తవాళ్ళని చేర్చుకునేటప్పుడు వాళ్ళ రాతకంటే వాళ్ళ చదువు తీరు చూడండి. ఒక సభ్యుడి అనుమతితో అతని స్క్రిప్ట్‌లోంచి 10 పేజీలు ఇచ్చి, నోట్స్ రాసి పంపమనండి. అందులో పేజీ నంబర్లు ఉన్నాయా? రచయిత వెళ్ళాలనుకున్న దారిని గమనించారా, లేక ఆ పేజీల మీద తమ సొంత కథ మొదలుపెట్టారా? ఈ రెండూ చూస్తే చాలు. చక్కగా రాస్తూ నిర్లక్ష్యంగా చదివేవాళ్ళకంటే, ఇప్పుడిప్పుడే రాయడం నేర్చుకుంటూ శ్రద్ధగా చదివేవాళ్ళ వల్ల గ్రూపుకి ఎక్కువ మేలు.

ఒక్క షరతు మాత్రం సడలించకండి. సభ్యులందరూ రాస్తూ ఉండాలి. తన స్క్రిప్ట్‌ని ఎన్నడూ అందరి ముందు పెట్టని మనిషి మాటలో మెల్లగా కరుకుదనం పెరగడం నేను రెండు గ్రూపుల్లో చూశాను. నటులు, ఎడిటర్లు అతిథులుగా వస్తే మంచిదే. వాళ్ళకి కనిపించేవి మనకి కనిపించవు. కానీ సభ్యత్వం వేరు.

2. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి

"నా ఐడియా ఎవరైనా కొట్టేస్తే?" అనే భయం ప్రతి కొత్త సభ్యుడికీ ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మొదటి సమావేశంలోనే దాని గురించి మాట్లాడాలి. కాపీరైట్ ఐడియాకి ఉండదు, దాన్ని మీరు రాసిన తీరుకి ఉంటుంది. డబ్బు దొరికిన కాపలాదారు కథ ఎవరైనా రాయొచ్చు, మీ సీన్లనీ మీ మాటల్నీ మాత్రం ఎత్తుకోకూడదు. కాపీరైట్ మీద 1886లో కుదిరిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో ఈ హక్కు రాసిన క్షణం నుంచే వస్తుంది, రిజిస్ట్రేషన్ దానికి షరతు కాదు. అయినా గ్రూపుకి పంపేముందు కాపీరైట్ ఆఫీసులోనో రచయితల సంఘంలోనో నమోదు చేసుకుంటే తేదీతో సహా ఒక రుజువు ఉంటుంది. మనసు కుదుటపడుతుంది, దాంతో పూర్తి స్క్రిప్ట్ ధైర్యంగా పంపగలుగుతారు.

ఒప్పందంలో రాసుకోవాల్సినవి ఎక్కువేం లేవు. స్క్రిప్ట్ గ్రూపు దాటి బయటికి పోకూడదు. అడక్కుండా చర్చని రికార్డు చేయకూడదు. రచయిత అనుమతి లేకుండా ఏ ఆన్‌లైన్ టూల్‌లోకీ, ఏఐ సర్వీసులోకీ అప్‌లోడ్ చేయకూడదు. సారాంశం కోసమని చేసినా ఆ స్క్రిప్ట్ మన చేయి దాటినట్టే. నోట్స్ ఇచ్చినంత మాత్రాన కథలో వాటా గానీ పేరు గానీ రాదు. ఇద్దరు కలిసి రాయాలనుకుంటే అది గ్రూపు బయట వేరే కాగితం మీద తేల్చుకోవాలి. ఈ చివరి రెండు మాటలూ రాసుకోకపోవడం వల్లే మా తొలి గ్రూపు ఒకటి విరిగిపోయింది. ఒక సభ్యుడు చెప్పిన క్లైమాక్స్ మలుపుని ఇంకొకరు వాడుకున్నారు, ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. తప్పు ఎవరిదని ఇప్పటికీ చెప్పలేను, ఎందుకంటే అప్పటికి నియమమే లేదు.

3. ఏం పంపాలి, ఎలా పంపాలి

సమావేశానికి కనీసం వారం ముందు పంపండి. పీడీఎఫ్‌గా పంపితే అందరికీ ఒకే పేజీ నంబరు కనిపిస్తుంది. చర్చలో "ఆ బస్సు సీన్ తర్వాత వచ్చేది" అని వెతుక్కునే బదులు "34వ పేజీ" అనొచ్చు. సీన్ నంబర్లు, డ్రాఫ్ట్ నంబరు, తేదీ ఉండాలి. పంపాక మధ్యలో "ఇది కొత్త వెర్షన్, ఇది చదవండి" అని ఇంకోటి పంపకండి. సగం మంది అప్పటికే పాతది చదివేసి ఉంటారు.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక పేజీ అంటే తెరమీద సుమారు ఒక నిమిషం అనే లెక్క, 12 పాయింట్ల కొరియర్ ఫాంట్‌లో ఇంగ్లిష్‌లో రాసిన స్క్రిప్ట్ కోసం పుట్టింది. పూర్తి నిడివి సినిమాకి 90 నుంచి 120 పేజీలు అనేదీ ఆ లెక్కే. తెలుగు ఫాంట్‌లో అక్షరాల వెడల్పు వేరు, వత్తుల వల్ల లైన్ల మధ్య ఎడం వేరు. ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు రాసే రెండు కాలమ్‌ల పద్ధతిలో ఆ లెక్క అసలే పనిచేయదు. కాబట్టి మీ పేజీల్లో ఏవైనా పదింటిని నటిస్తున్నంత వేగంలో పైకి చదివి టైమ్ చూసుకోండి. 13 నిమిషాలు పడితే మీ 100 పేజీలు 130 నిమిషాలన్నమాట. ఆ అంకెని మొదటి పేజీలోనే రాయండి.

పూర్తి స్క్రిప్ట్ ఇవ్వాలా, ముక్కలుగానా? చాలా గ్రూపులు సమావేశానికి 15, 20 పేజీలు తీసుకుంటాయి. సులువే, కానీ నేను దానికి వ్యతిరేకిని. ముక్కలుగా చదివితే వేగం తెలియదు. ఇంటర్వెల్ నాటికి కథ ఎంత దూరం వచ్చిందో తెలియదు. పైగా రచయిత మొదటి 20 పేజీలనే మళ్ళీ మళ్ళీ చెక్కుతూ కూర్చుంటాడు. అలా అందంగా తయారైన మొదటి అంకం పక్కన రెండో అంకం ఖాళీగా ఉండిపోయిన స్క్రిప్టులు నా దగ్గరే రెండున్నాయి. స్క్రిప్ట్ ఇంకా పూర్తికాకపోతే నాలుగైదు పేజీల ట్రీట్‌మెంట్ (మాటలు లేకుండా కథంతా క్లుప్తంగా చెప్పేది) గానీ వన్‌లైన్ ఆర్డర్ (సీన్‌కి ఒక లైను చొప్పున వరస) గానీ పంపండి. ఆ దశలో ఒక పాత్రని తీసేయాలంటే ఒక పూట పని. పూర్తి డ్రాఫ్ట్‌లో అదే పని నెల తింటుంది.

స్క్రిప్ట్‌తోపాటు రెండు ముక్కలు రాయండి: ఇది ఎన్నో డ్రాఫ్ట్, మీకు జవాబు కావాల్సిన ప్రశ్నలు ఏవి. ప్రశ్నలు మూడు దాటొద్దు. కథ ఉద్దేశం, పాత్రల గతం మాత్రం వివరించకండి. ప్రేక్షకుడి చేతికి ఆ ఉత్తరం అందదు.

4. రెండుసార్లు చదవండి

మొదటిసారి ఒకే బిగిన చదవాలి. ఫోన్ పక్కన పెట్టి, మధ్యలో లేవకుండా. నోట్స్ రాయొద్దు. మార్జిన్‌లో మూడు గుర్తులు మాత్రం పెట్టండి. ఒళ్ళు తెలియకుండా చదివిన చోట ఒక టిక్కు. మనసు వేరే దాని మీదకి పోయిన చోట ఒక వంకర గీత. అర్థంకాని చోట ఒక ప్రశ్నార్థకం. ఈ గుర్తులు చాలా విలువైనవి, ఎందుకంటే మొదటిసారి చదివే అవకాశం ఒక్కసారే వస్తుంది. రెండోసారికి కథ తెలిసిపోయి ఉంటుంది. ప్రేక్షకుడి స్థానంలో మీరు నిలబడగలిగేది ఆ మొదటి రెండు గంటలే.

ఒక రోజు ఆగి రెండోసారి మొదలుపెట్టండి. ఈసారి సీన్ల పట్టిక వేయాలి. ఒక్కో సీన్‌కి ఒక్కో లైను: ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డు, సీన్ మొదలైనప్పటికీ ముగిసేటప్పటికీ ఏం మారింది. ఏమీ మారకపోతే అక్కడ సున్నా చుట్టండి. పట్టిక పూర్తయ్యాక మొదటిసారి పెట్టిన వంకర గీతల్ని దాని పక్కన పెట్టి చూడండి. మనసు జారిన చోట వరసగా మూడు నాలుగు సున్నాలు కనిపించడం తరచూ జరుగుతుంది. అలా కనిపించనప్పుడు కారణం ఇంకా ముందు పేజీల్లో ఉంటుంది. మాకు ఒకసారి క్లైమాక్స్ ఎవరికీ ఎక్కలేదు. దాన్ని నాలుగు రకాలుగా తిరగరాసినా ఎక్కలేదు. చివరికి 14వ పేజీలో తండ్రి కొడుక్కి ఇచ్చిన మాట ఏమిటో స్పష్టంగా వినిపించేలా రాస్తే, పాత క్లైమాక్సే పనిచేసింది.

ఈ రెండు చదువులకీ, నోట్స్ రాయడానికీ కలిపి ఆరేడు గంటలు కేటాయించుకోండి. అంత సమయం లేని వారం వస్తే ముందే చెప్పి తప్పుకోవడం మర్యాద. పైపైన చదివి వచ్చి మాట్లాడటం రచయితకి అన్యాయం.

5. నోట్స్ రాయడం

గ్రూపు బాగుపడేదీ చెడేదీ ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

రాత్రి కాపలాదారుకి ఒక లాకర్‌లో డబ్బు సంచి దొరికే కథ అనుకోండి. చదివినవాళ్ళు "సెకండాఫ్ లాగ్ అయింది" అని రాశారు. రచయిత దానితో ఏం చేయగలడు? రెండు సీన్లు కత్తిరిస్తాడు, అవే మంచి సీన్లు కావచ్చు. అదే మాటని ఇలా రాయొచ్చు: "52వ పేజీలో అతను డబ్బు తిరిగిచ్చేయాలని నిర్ణయించుకున్నాడు. అక్కడి నుంచి 61వ పేజీ దాకా నాకు టెన్షన్ పోయింది. ఇచ్చేస్తే అతనికి ఏం పోతుందో నాకు తెలియదు. కూతురి ఫీజు సంగతి 18వ పేజీలో ఒక్కసారి వచ్చింది, మళ్ళీ కనిపించలేదు." ఇందులో చోటు ఉంది, చదివిన మనిషికి ఏమైందో ఉంది, కారణం ఎక్కడుందని అనిపిస్తోందో ఉంది. పరిష్కారం లేదు. అది రచయితకి వదిలేశారు.

"కూతురికి ఏదైనా జబ్బు పెడితే బాగుంటుంది" అనే సలహా ఎందుకు ఇవ్వకూడదు? ఇవ్వొచ్చు, కానీ చివర్లో, రచయిత అడిగితే. సలహా ముందుగా వచ్చేస్తే చర్చంతా జబ్బు చుట్టూ తిరుగుతుంది, అసలు సమస్య కనుమరుగవుతుంది. పైగా ఆ జబ్బు మీ కథలోది, అతని కథలోది కాదు.

పెద్దవి ముందు రాయండి: ఎవరి కథ, ఏం కావాలి, ఎక్కడ నమ్మలేదు. తర్వాత సీన్లు, ఆ తర్వాత మాటలు. అక్షర దోషాలు వేరే కాగితం మీద ఇచ్చేయండి, వాటి గురించి సమావేశంలో మాట్లాడొద్దు. మొదటి డ్రాఫ్ట్‌కి డైలాగుల మీద 30 నోట్స్ ఇవ్వడం వృథా, ఆ సీన్లలో సగం తర్వాతి డ్రాఫ్ట్‌లో ఉండవు. పెద్ద విషయాలు మూడు చెబితే చాలు. అంతకు మించితే రచయిత చేతులెత్తేస్తాడు.

మెచ్చుకోవడంలోనూ ఇంతే కచ్చితంగా ఉండాలి. "ఫస్టాఫ్ అదిరింది" అంటే చాలదు. "27వ పేజీలో అతను సంచిని టిఫిన్ డబ్బా కింద దాచి, అదే డబ్బాలో కూతురికి అన్నం కలిపి పెట్టిన చోట నా గొంతు పట్టేసింది" అనండి. ఏది పనిచేస్తోందో తెలియని రచయిత తర్వాతి డ్రాఫ్ట్‌లో దాన్నే తీసేసే ప్రమాదం ఉంది.

స్టూడియోలకి చదివిపెట్టేవాళ్ళు రాసే రిపోర్టుని కవరేజ్ అంటారు. కథా సారాంశం, వ్యాఖ్యలు, చివర్లో ఒక తీర్పు: తిరస్కరించండి, పరిశీలించండి, సిఫారసు చేస్తున్నాం. కొన్ని గ్రూపులు ఈ పద్ధతి పెట్టుకుంటాయి, మార్కులు కూడా వేస్తాయి. దయచేసి ఆ పని చేయకండి. కవరేజ్ కొనేవాళ్ళ కోసం రాసేది. మన నోట్స్ రాసేవాళ్ళ కోసం. మీకు దెయ్యాల కథలు నచ్చకపోయినా, ఇది దెయ్యాల కథలు ఇష్టపడేవాళ్ళని భయపెడుతుందా అని చూడాలి.

6. సమావేశం

ఒక స్క్రిప్ట్‌కి రెండు గంటలు. నడిపేవాళ్ళు ప్రతిసారీ మారాలి, ఆ రోజు స్క్రిప్ట్ రాసినవాళ్ళు మాత్రం కాకూడదు.

మొదట ఒక సభ్యుడు కథని ఐదు నిమిషాల్లో తన మాటల్లో చెప్పాలి. రచయిత వింటూ ఉండాలి. ఇంతకంటే ఉపయోగపడే ఐదు నిమిషాలు నేను ఏ గ్రూపులోనూ చూడలేదు. తను రాశాననుకున్న కథకీ, అవతలివాళ్ళకి చేరిన కథకీ ఉన్న తేడా అంతా అక్కడే బయటపడుతుంది. ముఖ్యమైన మలుపుని చెప్పేవాళ్ళు మర్చిపోతే అది పేజీ మీద బలంగా లేదని అర్థం.

తర్వాత చర్చ. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రచయితల వర్క్‌షాప్ పేరుతో స్థిరపడిన పద్ధతిలో, అందరూ మాట్లాడుతున్నంతసేపు రచయిత మౌనంగా ఉండాలి. దానికి భిన్నంగా, నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో నాలుగు మెట్ల పద్ధతి రూపొందించారు. ముందు చూసినవాళ్ళు తమని తాకినవి చెబుతారు. తర్వాత కళాకారులు ప్రశ్నలు అడుగుతారు. తర్వాత చూసినవాళ్ళు తటస్థమైన ప్రశ్నలు వేస్తారు. చివర్లో, కళాకారులు సరేనంటేనే అభిప్రాయాలు. నాకు ఈ రెండో పద్ధతి మీద గురి. మొదటి అరగంట మాత్రం రచయిత మౌనంగా ఉండటం మంచిదని నా అనుభవం, లేకపోతే ప్రతి మాటకీ సంజాయిషీ మొదలవుతుంది.

తటస్థమైన ప్రశ్న వేయడం అలవాటు కావాలి. "ఆమె అంత మూర్ఖంగా ఎందుకు ప్రవర్తించింది?" అన్నది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. "ఆ సీన్‌లో ఆమెకి ఏం కావాలి?" అని అడిగితే రచయిత ఆలోచనలో పడతాడు.

మాట్లాడే వరసలో కొత్త సభ్యులు ముందు, అనుభవజ్ఞులు చివర ఉండాలి. పెద్దలు ముందు మాట్లాడితే మిగతావాళ్ళు తమ మార్జిన్ గుర్తుల్ని మడిచి జేబులో పెట్టుకుంటారు. ఒకే సీన్ ఒకరికి నచ్చి ఇంకొకరికి నచ్చకపోతే ఓటింగ్ పెట్టకండి. ఇద్దరినీ ఏ లైన్ దగ్గర అలా అనిపించిందో అడగండి. చాలాసార్లు ఆ లైన్ రెండు రకాలుగా అర్థమవుతూ ఉంటుంది.

7. పైకి చదివించండి

ప్రతి స్క్రిప్ట్‌కీ ఒక్కసారైనా పాత్రలు పంచుకుని పైకి చదవాలి. యాక్షన్ లైన్లు (తెరమీద ఏం జరుగుతోందో చెప్పేవి), సీన్ హెడింగులు ఒకరు చదువుతారు. రచయిత ఏ పాత్రా తీసుకోకూడదు. చదివేవాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఏ మాటని తెలియకుండానే మార్చి పలికారో వింటూ గుర్తు పెట్టుకోవాలి. మార్చి పలికిన మాట చాలాసార్లు రాసిన మాటకంటే సహజంగా ఉంటుంది.

కథ నోటితో బాగా చెప్పగలిగేవాళ్ళకి ఇది మరీ అవసరం. నేరేషన్‌లో వాళ్ళ గొంతు, కళ్ళు, ఆగే తీరు పేజీలో లేనిదాన్ని కూడా నింపేస్తాయి. వేరేవాళ్ళు చదివినప్పుడే ఆ ఖాళీలు వినిపిస్తాయి.

8. నోట్స్ అందుకున్నాక

మూడు రోజులు స్క్రిప్ట్ తెరవకండి. ఆ రాత్రే కూర్చుంటే కోపంతోనో, అందరినీ మెప్పించాలనే ఆత్రంతోనో రాస్తారు. తర్వాత నోట్స్ అన్నీ పేజీల వరసలో ఒకచోట పేర్చండి. ముగ్గురు ఒకే చోట తడబడితే, వాళ్ళు చెప్పిన కారణాలు పొంతన లేకుండా ఉన్నా, అక్కడ సమస్య ఉంది. ఒక్కరే అన్న మాట మిమ్మల్ని రెండు రోజులు వదలకపోతే దాన్నీ చూడాల్సిందే.

ఏది తీసుకోవాలో నిర్ణయం మాత్రం మీదే. పిక్సార్ స్టూడియోలో బ్రెయిన్‌ట్రస్ట్ అనే బృందం తయారవుతున్న సినిమాల మీద నిక్కచ్చిగా అభిప్రాయాలు చెబుతుంది, కానీ వాటిని అమలు చేయించే అధికారం దానికి లేదు. చివరి మాట దర్శకుడిదే. మన గ్రూపులోనూ అదే ఉండాలి. "నేను చెప్పింది మార్చలేదేం?" అని ఎవరూ అడగకూడదు. రచయిత మాత్రం తర్వాతి సమావేశంలో తను ఏం మార్చాడో, ఎందుకో రెండు నిమిషాలు చెబితే బాగుంటుంది. ఆరేడు గంటలు వెచ్చించినవాళ్ళకి అది దక్కాలి.

9. ఇబ్బందులు వచ్చినప్పుడు

వరసగా రెండుసార్లు చదవకుండా వచ్చినవాళ్ళ వంతు వెనక్కి జరపండి. ఒకరే ఎక్కువ మాట్లాడుతుంటే మనిషికి ఏడు నిమిషాలని గడియారం పెట్టండి. ఇద్దరు ఒకేలాంటి కథ మొదలుపెట్టారని తెలిస్తే ఆ రోజే అందరి ముందూ చెప్పుకోవాలి, తేదీలతో సహా. ఎవరి మాటైనా రచయితని గాయపరిస్తే నడిపేవాళ్ళు అక్కడికక్కడే ఆపి, అదే విషయాన్ని పేజీ నంబరుతో మళ్ళీ చెప్పమనాలి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.

10. తర్వాతి డ్రాఫ్ట్

షూటింగ్ దశలో మార్పులు వచ్చిన పేజీల్ని నీలం, గులాబీ, పసుపు అంటూ వేర్వేరు రంగుల్లో ఇచ్చి, మారిన లైను పక్కన నక్షత్రం గుర్తు పెట్టే అలవాటు హాలీవుడ్‌లో ఉంది. మనకి రంగులు అవసరం లేదు. మారిన సీన్ల జాబితా వేరే కాగితం మీద ఉంటే చాలు. అది కూడా చదివాకే చూడాలి, ముందు చూస్తే కళ్ళు మార్పుల కోసమే వెతుకుతాయి.

ఇంకో సంగతి మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. ఒకే స్క్రిప్ట్‌ని రెండుసార్లు చదివినవాళ్ళు మూడోసారి చదువుతున్నప్పుడు, పేజీలో లేనిది కూడా జ్ఞాపకంలోంచి తెచ్చి నింపుకుంటారు. తీసేసిన సీన్ వాళ్ళ తలలో ఇంకా నడుస్తూనే ఉంటుంది. అందుకని ఇప్పుడు ప్రతి స్క్రిప్ట్‌కీ ఇద్దరు సభ్యుల్ని పక్కన పెడుతున్నాం. మొదటి డ్రాఫ్ట్ వాళ్ళకి పంపం, ఆ రోజు చర్చకి వాళ్ళు రారు. రెండో డ్రాఫ్ట్ సిద్ధమయ్యాక సమావేశంలో కథని ఐదు నిమిషాల్లో చెప్పేది ఆ ఇద్దరిలో ఒకరే.